గుడ్డ కప్పిన మానిటర్

1996 జనవరి. నెహ్రూ ప్లేస్‌లోని ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో నేను సర్వీస్ ఇంజనీరుగా చేరి అప్పటికి పద్నాలుగు నెలలు. మాది ఖమ్మం. వరంగల్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఢిల్లీ వచ్చాను. మునిర్కాలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. ఏ పనికి వెళ్ళినా నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి, చేయాల్సినవన్నీ నంబర్లు వేసి రాసుకుని, ఒక్కొక్కటి అయ్యాక టిక్ పెట్టడం నా అలవాటు. మా బాస్ ఆ నోట్‌బుక్‌ను మిగతా ఇద్దరు ఇంజనీర్లకు చూపించి, పని అంటే ఇలా చేయాలి అనేవారు. ఆ మాట నాకు బాగా తలకెక్కింది.

ఆ నెలలో నాకు అప్పగించిన పని చిన్నది. ధౌలా కువాన్ దాటి కంటోన్మెంట్ వైపు వెళ్ళే రోడ్డులో ఒక ట్రస్టు వాళ్ళ బ్రెయిల్ ముద్రణాలయం ఉండేది. పక్కపక్క గదుల్లో రెండు కంప్యూటర్లు. మొదటి గదిలో సునీత అనే ఆపరేటరు పాఠ్యపుస్తకాలను టైపు చేసేది. ఒక సాఫ్ట్‌వేర్ దాన్ని బ్రెయిల్ కోడ్‌గా మార్చేది. ఆ ఫైళ్ళను ఫ్లాపీల్లో రెండో గదికి మోసుకెళ్తే, అక్కడి కంప్యూటర్‌కు తగిలించిన ఎంబాసర్ మందపాటి కాగితం మీద చుక్కలు పొడిచేది. ఎంబాసర్ అంటే బ్రెయిల్ ప్రింటరే. అది పనిచేస్తుంటే గోడ అవతల ఎవరో మేకులు కొడుతున్నట్టు ఉండేది. ఫ్లాపీలు తరచూ చెడిపోతున్నాయి కాబట్టి రెండు కంప్యూటర్లనూ వైరుతో కలపమని అక్కడి ఇన్‌ఛార్జ్ భాటియా గారు అడిగారు.

ఇది ఎలా చేస్తారో తెలియనివారి కోసం రెండు మాటలు. ఒక్కో కంప్యూటర్‌లో ఒక నెట్‌వర్క్ కార్డ్ బిగించాలి. రెండింటి మధ్య కోయాక్సియల్ కేబుల్, అంటే టీవీ యాంటెనా తీగలాంటి నల్ల వైరు లాగాలి. రెండు చివర్లా టీ అక్షరం ఆకారంలో కనెక్టర్, దాని ఖాళీ కొనకు టెర్మినేటర్ అనే చిన్న మూత. ఆ మూత లేకపోతే సిగ్నల్ చివరిదాకా పోయి వెనక్కి తిరిగొచ్చి కొత్తగా వస్తున్న సిగ్నల్‌ను చెడగొడుతుంది. మూడు గంటల పని.

గురువారం ఉదయం నేను రెండో గదిలోకి అడుగుపెట్టగానే కిటికీ పక్కన కూర్చున్న మనిషి తల తిప్పకుండానే హిందీలో అడిగారు, బూట్ల చప్పుడు కొత్తగా ఉంది, ఎవరది అని. చేతులు ఒక బ్రెయిల్ పేజీ మీద కదులుతూనే ఉన్నాయి. యాభై ఏళ్ళు ఉంటాయి. కంప్యూటర్ సర్వీస్ నుంచి వచ్చానని నేనూ హిందీలోనే చెప్పాను.

"ఆ హిందీ మనవైపు హిందీయే," అన్నారాయన తెలుగులో. "ఏ వూరు బాబూ?"

"ఖమ్మం అంకుల్."

"అంకులేమిటయ్యా, అప్పుడే ఢిల్లీ గాలి తగిలిందా? మాది బాపట్ల. పేరు మూర్తి. ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పా. మాస్టారూ అను, చాలు."

మూర్తి మాస్టారు అక్కడ ప్రూఫ్ రీడరు. పుట్టుకతోనే చూపు లేదు. అచ్చు పుస్తకాన్ని ఒకరు పైకి చదువుతుంటే ఆయన బ్రెయిల్ పేజీని వేళ్ళతో తడుముతూ తప్పులు పట్టుకునేవారు. ఇంతవరకే నాకు తెలుసు. ఇంతే ఉంటుందనుకున్నాను.

నేను గోడకు రంధ్రం చేసి వైరు ఇవతలికి లాగుతుంటే అడిగారు. "ఆ వైరుతో ఏమవుతుంది?"

"రెండు మిషన్లూ కలుస్తాయి మాస్టారూ. ఇక ఫ్లాపీలు మోసే పని ఉండదు."

"బాగుంది. ఫైళ్ళు ఎటునుంచి ఎటు వెళ్తాయి?"

"ఎటునుంచి ఎటైనా వెళ్తాయి."

"అది కాదయ్యా. ఇవాళ నువ్వు పంపేవి ఎటునుంచి ఎటు?"

"అది టెక్నికల్ విషయం మాస్టారూ. మీరేం కంగారుపడకండి. హాయిగా టీ తాగి రండి."

ఆయన నవ్వారు. "సరే ఇంజనీరు గారూ, మీ విద్య మీది," అని గోడ పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఈ వాక్యాలు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి. ఆయన అడిగింది ఆ రోజు ఆ భవనంలో ఎవరైనా అడగగలిగిన ప్రశ్నల్లో అన్నిటికంటే టెక్నికల్ ప్రశ్న.

రెండో గది కంప్యూటర్ మానిటర్ మీద ఒక పాత గళ్ళ తువ్వాలు కప్పి ఉంది. దాని మీద దుమ్ము. నేను దాన్ని తీసి, మడిచి, పక్కన పెట్టాను. తెర మీద గుడ్డ కప్పి ఉన్న మిషన్ మీద ఎవరూ పనిచేయరని, అది ఎంబాసర్‌కు ఫైళ్ళు అందించే డబ్బా మాత్రమేనని అప్పుడే తేల్చేసుకున్నాను. అయినా పద్ధతి ప్రకారం మొదటి గదికి వెళ్ళి సునీతను అడిగాను, ఆ మిషన్ మీద టైపింగ్ జరుగుతుందా అని.

"నహీ భయ్యా," అంది సునీత కీబోర్డు మీంచి చేతులు తీయకుండా. "టైపింగ్ తో సారీ యహీ హోతీ హై. ఉధర్ తో బస్ మాస్టర్‌జీ బైఠ్‌తే హై."

టైపింగ్ అంతా ఇక్కడే, అక్కడ మాస్టారు మాత్రం కూర్చుంటారు అని. నేను మొదటి సగమే పట్టించుకుని గుమ్మం దాటేశాను.

నా జాబితాలో ఆరో అంశం: రెండు మిషన్లలోనూ ఉన్న ఫైళ్ళ పేరు, సైజు, తేదీ రాసుకోవడం. రాశాను. పదో తరగతి ఇంగ్లీషు మీడియం లెక్కల పుస్తకం, పద్నాలుగు చాప్టర్లు, పద్నాలుగు ఫైళ్ళు, రెండు చోట్లా అవే పేర్లు. ఎడమవైపు ఒక వరుస, కుడివైపు ఒక వరుస, ముత్యాల్లాంటి అంకెలు. ఏడో అంశం: టైపింగ్ మిషన్‌లో ఉన్నవాటిని ఎంబాసర్ మిషన్‌లోకి కాపీ చేసి రెండూ ఒకేలా ఉండేట్టు చూడడం. కాపీ మొదలుపెట్టగానే తెర మీద ప్రశ్న వచ్చింది. ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాని మీద రాయమంటారా? అవును, కాదు, అన్నీ. నేను అన్నీ అని నొక్కాను. నిమిషం పట్టలేదు. లెక్క సరిపోయింది. టిక్ పెట్టాను. తువ్వాలు మళ్ళీ కప్పి, భాటియా గారి సంతకం తీసుకుని బయటపడ్డాను.

ధౌలా కువాన్‌లో బస్సు కోసం నిలబడి, సర్వీస్ రిపోర్టు రాయడానికి నోట్‌బుక్ తెరిచాను. అప్పుడు చూశాను ఆరో అంశం కింద నేనే రాసిన రెండు వరుసల్ని. ఎడమవైపు పద్నాలుగు ఫైళ్ళకూ నవంబరు తేదీలు. కుడివైపు మొదటి తొమ్మిదింటికి డిసెంబరు, జనవరి తేదీలు. తొమ్మిదో చాప్టరుకు ఉన్నది ముందురోజు తేదీ. సైజుల్లో కూడా పదేసి, ఇరవయ్యేసి అక్షరాల తేడా. ఎంబాసర్ మిషన్ మీద ఎవరో రెండు నెలలుగా పనిచేస్తున్నారు. ఆ పని మొత్తాన్ని నేను పాత ఫైళ్ళతో చెరిపేశాను.

ఇక్కడ ఇంకో రెండు టెక్నికల్ మాటలు చెప్పాలి. ఒక ఫైలు మీద ఇంకో ఫైలు రాస్తే పాతది వెంటనే మాయమైపోదు. కంప్యూటర్ కొత్తదాన్ని సాధారణంగా డిస్క్‌లో వేరే ఖాళీ చోట రాసి, పాతదాని జాగాను ఇకపై వాడుకోవచ్చు అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ జాగాలో ఇంకేదైనా వచ్చి పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. డిస్క్ ఎడిటర్ అనే ప్రోగ్రాంతో ముక్కముక్కగా వెతికి తీయవచ్చు. ఆ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ నా బ్యాగులోనే ఉంది. ముద్రణాలయానికి తిరిగి వెళ్ళడానికి పది నిమిషాలు. నేను చేయాల్సిందల్లా వెళ్ళి, ఈ మిషన్‌ను ఎవరూ ముట్టుకోకండి, నేను తప్పు చేశాను అని చెప్పడం.

మునిర్కా బస్సు వచ్చింది. ఎక్కాను.

దారిలో నాకు నేను చెప్పుకున్న కారణాలు గుర్తున్నాయి. ఆ మిషన్ గడియారం తప్పు తేదీ చూపిస్తుండవచ్చు. సైజు తేడాలకు వేరే కారణం ఉండవచ్చు. నిజంగా పోయి ఉంటే వాళ్ళే ఫోన్ చేస్తారు. మూడూ అబద్ధాలని నాకు తెలుసు. శుక్రవారం బాస్, "బ్రెయిల్‌వాలా హో గయా?" అని అడిగితే, అయిపోయింది సార్ అన్నాను. ఆ నోట్‌బుక్‌నే తీసుకుని అందులోని టిక్కులు చూసి ఆయన తృప్తిగా తల ఊపారు. శనివారం ఇంకో చోట డ్యూటీ. ఆదివారం గదిలో బట్టలు ఉతుక్కున్నాను.

సోమవారం ఫోన్ వచ్చింది.

నేను వెళ్ళేసరికి భాటియా గారు, సునీత, మాస్టారు ముగ్గురూ రెండో గదిలో ఉన్నారు. మాస్టారి ముందు మొదటి చాప్టరు పేజీ ఉంది. దిద్దినంతవరకు పుస్తకాన్ని ఫైనల్‌గా కొట్టడం మొదలుపెట్టి, మొదటి పేజీ మూడో లైనులోనే ఆయన వేళ్ళు ఆగిపోయాయట.

"ఈ మైనస్ తప్పుని నేను డిసెంబరులో చంపా," అన్నారు. "మళ్ళీ ఎలా బతికొచ్చిందయ్యా?"

అప్పుడు తెలిసింది ఆయన పని చేసే తీరు. బ్రెయిల్ కోడ్ కంప్యూటర్‌లో మామూలు అక్షరాలుగా, గుర్తులుగానే ఉంటుంది. ఏ గుర్తుకు ఏ చుక్కలో ఆయనకు కంఠతా. లైన్ నంబర్ ఇస్తే ఆ లైనును మార్చే ఒక పాత ఎడిటర్‌లో, తప్పు దొరికిన లైనును ఆయనే కొత్తగా టైపు చేసేవారు. దాన్ని ఎంబాసర్‌తో ఒక చిత్తు కాగితం మీద పొడిపించి, తడిమి, సరిగ్గా ఉందనుకున్నాక చిత్తు పారేసేవారు. చాప్టరు అయిపోగానే ప్రూఫ్ పేజీలు పాత కాగితాల కింద అమ్మకానికి పోయేవి. దిద్దిన రూపం ఆ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. బ్యాకప్ ఫ్లాపీలన్నీ సునీత మిషన్‌వే. హాస్టల్‌లో పదిహేడు మంది పిల్లలు మార్చిలో బోర్డు పరీక్ష రాయాలి. సిలబస్ మారడంతో వాళ్ళ దగ్గరున్న పాత పుస్తకం పనికిరాదు. వాళ్ళు ఎదురుచూస్తున్నది ఈ పుస్తకం కోసమే.

"యే కైసే హువా?" ఇదెలా జరిగింది అని భాటియా గారు నన్ను అడిగారు.

అంతకంటే సూటి ప్రశ్న ఉండదు. నేను ఇలా అన్నాను: "సర్, మేడమ్ నే బతాయా థా కీ ఉస్ మెషీన్ పర్ టైపింగ్ నహీ హోతీ." ఆ మిషన్ మీద టైపింగ్ జరగదని మేడమే చెప్పారు అని.

భాటియా గారు సునీత వైపు తిరిగి, నువ్వలా చెప్పావా అని అడిగారు. "తుమ్‌నే ఐసా బోలా?"

"బోలా థా సర్, లేకిన్..."

"లేకిన్ క్యా?"

సునీత నా వైపు చూసింది. "లేకిన్" అంటే కానీ; దాని తర్వాత రావాల్సిన వాక్యం మా ఇద్దరికీ తెలుసు. అది నా నోటి నుంచి వస్తే నమ్ముతారు, ఆమె నోటి నుంచి వస్తే సాకు అనుకుంటారు. నేను వంగి టీ-కనెక్టర్‌ను బిగించాను. అది బిగువుగానే ఉంది. భాటియా గారు, బాధ్యత లేకుండా మాట్లాడితే ఇలాగే ఉంటుందని ఆమెను నాలుగు మాటలు అని వెళ్ళిపోయారు. సునీత వెనకే వెళ్ళింది. నా సర్వీస్ రిపోర్టులో కారణం అన్న చోట నేను రాసింది: ఆపరేటర్ ఇచ్చిన తప్పు సమాచారం.

మాస్టారు కుర్చీ జరిపి కూర్చున్నారు. "ఆ తువ్వాలు ఎందుకు కప్పానో తెలుసా? దుమ్ము పడకుండా. ఆ తెర నాకు అక్కర్లేదు, రేపు ఇంకొకరికి కావాలి కదా. నువ్వేమనుకున్నావ్?"

నేను బ్యాగులోంచి డిస్క్ ఎడిటర్ ఫ్లాపీ బయటికి తీశాను.

"పోనీ ఇది చెప్పు. నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇవాళే మాస్టారూ. మీ ఫోన్ వచ్చాక."

ఆయన ఊఁ అన్నారు, అంతే.

ఆ రోజంతా డిస్క్ ఎడిటర్‌తో వెతికాను. రెండు చాప్టర్లు పూర్తిగా దొరికాయి. ఆరో చాప్టరు సగం దాకా వచ్చి ఒక చోట ఆగింది. త్రికోణమితి లెక్క మధ్యలో తెగి, ఆ తర్వాతి ముక్క నుంచి ఏప్రిల్ నెల సెలవుల జాబితా మొదలైంది. మిగతా చోట్ల కూడా అంతే. ఎంబాసర్‌కు ఏ పని పంపినా ముందు డిస్క్‌లో ఒక తాత్కాలిక ఫైలు తయారవుతుంది. అలాంటి ఫైళ్ళు వచ్చి వీటి మీద పడ్డాయి.

"ఎంత దొరికింది?" అని అడిగారు మాస్టారు.

"రెండున్నర చాప్టర్లు."

"మిగతావాటి మీద ఏం పడింది?"

"క్యాలెండర్, మాస్టారూ."

ఆయన వేళ్ళు బల్ల మీద ఆగాయి. "మన కొత్త సంవత్సరం బ్రెయిల్ క్యాలెండర్ కొట్టింది శుక్రవారం, శనివారం," అన్నారు నెమ్మదిగా. "నువ్వొచ్చింది గురువారం. గురువారం సాయంత్రమే వెతికి ఉంటే?"

"చెప్పలేం మాస్టారూ."

చెప్పగలను. దాదాపు అంతా దొరికేది. ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి ముందు నేను కూడిక తప్పు చేస్తున్నట్టు నటించాను.

పుస్తకం పైకి చదివే మనిషి రోజుకు రెండు గంటలే వచ్చేవాడు. అలాగైతే మార్చికి సగం కూడా అవదు. నేను చదువుతానన్నాను. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా, ఆదివారం రోజంతా. మాస్టారు వద్దనలేదు, సంతోషించనూ లేదు. "ఆరింటికే లేస్తావా ఇంజనీరు గారూ?" అని మాత్రం అడిగారు. ఢిల్లీ చలిలో పొగమంచులో ధౌలా కువాన్‌లో బస్సు మారి వెళ్ళేవాణ్ణి. టూ ఎక్స్ స్క్వేర్ మైనస్ ఫైవ్ ఎక్స్ ప్లస్ త్రీ అంటూ చదువుతుంటే ఆయన వేళ్ళు నా గొంతు కంటే అర క్షణం ముందుండేవి.

"నీ మైనస్ వినపడ్డంలా. గట్టిగా చదువు. నువ్వు మింగేసినవన్నీ పరీక్షలో పిల్లలు కక్కాలి."

తప్పు దొరికితే చేయి ఎత్తేవారు. కుర్చీ తిప్పి, కీబోర్డు తడిమి, లైన్ నంబర్ కొట్టి, మొత్తం లైను మళ్ళీ టైపు చేసేవారు. తువ్వాలు మానిటర్ మీదే ఉండేది. ఒక్కో లైనుకు ఎంత పని పడుతుందో చూస్తూ కూర్చోవడం నాకు పడిన శిక్ష. ఒక పేజీలో సగటున ఎన్ని తప్పులో, నేను ఒక్క మీట నొక్కి అలాంటివి ఎన్నింటిని తిరిగి తెచ్చానో లెక్క వేయడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాను.

సునీత రోజూ తొమ్మిదింటికి, నేను చదవడం ముగించి లేచే వేళకు వచ్చేది. నమస్తే భయ్యా అనేది కాదు. నేను అనేవాణ్ణి. ఆమె తల ఊపేది.

పరీక్షకు పది రోజుల ముందు పన్నెండు చాప్టర్లు హాస్టల్‌కు వెళ్ళాయి. చివరి రెండు దిద్దకుండానే వెళ్ళాయి, తప్పులుండవచ్చు అన్న బ్రెయిల్ చీటీ మొదటి పేజీకి అంటించి. ఏ గుర్తు తప్పో తెలియకుండా తప్పులుండవచ్చని తెలిస్తే పిల్లలకు ఏం ఉపయోగం? ఆ రెండు చాప్టర్ల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎవరికి ఎన్ని మార్కులు పోయాయో నాకు తెలియదు. అన్నీ రాసుకునే నా దగ్గర ఆ అంకె లేదు.

ఆఖరి ఆదివారం మధ్యాహ్నం పుస్తకం మూసి, చెప్పేశాను. గురువారమే తెలిసింది మాస్టారూ, బస్ స్టాప్‌లో, నోట్‌బుక్‌లో చూశాను అని.

"తెలుసు," అన్నారాయన.

"ఎలా?"

"ఆ రోజే తెలిసినవాడు సోమవారం పొద్దున గదిలోకి వస్తూనే ఏం పోయిందని అడుగుతాడు. నువ్వు అడగలా." చేతి కింది పేజీలు సర్దారు. "నాకు చెప్పడం సులువయ్యా. రెండు నెలలు పక్కన కూర్చున్నావ్, నేను అరవనని తెలుసు. సునీతకి చెప్పావా?"

లేదన్నాను.

"మొన్న ఇరవై తొమ్మిదితో ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది. మళ్ళీ రాసివ్వలేదు. ఎందుకివ్వలేదంటే నీ రిపోర్టు చూపించాడు భాటియా. నీకు తెలియదా?"

నాకు తెలియదు. ఆ వారం రోజులూ తొమ్మిదింటికి ఆమె రాకపోవడం గమనించాను. సెలవులో ఉందనుకుని, నిజం చెప్పాలంటే, కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు భాటియా గారి దగ్గరకు వెళ్ళి, సునీత చెప్పిన రెండో సగం కూడా చెప్పి, కొత్త రిపోర్టు రాసి ఇచ్చాను. ఆయన చదివి డ్రాయర్‌లో పెట్టారు. "అబ్ క్యా ఫర్క్ పడ్‌తా హై, బేటా? నయీ లడ్‌కీ ఆ గయీ," అన్నారు, కొత్త అమ్మాయి వచ్చేసింది, ఇప్పుడు తేడా ఏముందని. పక్క గదిలో కొత్త అమ్మాయి టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. సునీత ఇంటి అడ్రస్ అడిగితే ఘాజియాబాద్ వైపు ఎక్కడో అన్నారు. మా బాస్‌కు కూడా చెప్పాను. ఆయన కోప్పడలేదు. నోట్‌బుక్ చూపించడం మాత్రం మానేశారు.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు నా కింద ఇద్దరు కొత్త ఇంజనీర్లు పనిచేస్తున్నారు. రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్ళు మార్చే పనికి నేను వాళ్ళకిచ్చే జాబితాలో మొదటి అంశం కేబుల్ కాదు, కార్డ్ కాదు. గదిలో కూర్చున్న ప్రతి మనిషినీ, ఈ మిషన్‌తో మీరేం చేస్తారని అడగాలి, జవాబు చివరిదాకా వినాలి. రెండోది, రెండువైపులా తేదీలు రాసుకోవడమే కాదు, చదవాలి. మూడోది, దేని మీదైనా రాసే ముందు దాన్ని వేరే చోట దాచాలి. ఈ మూడూ ఎవరైనా నేర్పగలరు. ఏ పుస్తకంలోనైనా ఉంటాయి.

ఈ ఉదంతం నాకు నేర్పింది వేరే. కొత్తవాళ్ళు తప్పు చేసి నా ముందు నిలబడితే ఎలా జరిగిందని నేను ముందు అడగను. నీకు ఎప్పుడు తెలిసింది అని అడుగుతాను. పోయిన నెల వాళ్ళలో ఒకతను కాసేపు తటపటాయించి, నిన్న మధ్యాహ్నం సార్ అన్నాడు. మిగతా పనంతా ఆపి అతనితో కలిసి ఆ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి రిసెప్షన్‌లో కంప్యూటర్ ముందు ఒకావిడ అటు తిరిగి కూర్చుని టైపు చేస్తోంది. గుమ్మంలో నా కాళ్ళు ఆగిపోయాయి. ఆవిడ తల తిప్పింది. సునీత కాదు.

ఎక్కడికి వెళ్ళినా నేను ఇంకా అలాగే ఆగుతున్నాను.